ధర్మాసుపత్రి

మన పెద్దలలో పలువురు ప్రభుత్వ వైద్యశాలను ధర్మాసుపత్రి యని పిలిచెడివారు. ధర్మసత్రమువలె అదియు నొకరి దయచే నడచుచున్నదని ఆ పేరులోని భావము. దయతో పెట్టువాని యెదుట అడుగువాడు చేయి చాపవలెను. లేదన్నచో మాఱుపలుకక మరలిపోవలెను. ఆ పేరు నాకు నచ్చదు. వైద్యము భిక్ష కాదు, హక్కు.

1992లో పశ్చిమ బెంగాలున వ్యవసాయ కూలీల సంఘమునకు చెందిన ఒకడు రైలుబండి నుండి జాఱిపడెను. తలకు పెద్ద గాయము తగిలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఒకచోట సౌకర్యములు లేవనిరి. మఱియొకచోట పడక ఖాళీ లేదనిరి. ఇట్లు పలుచోట్ల త్రిప్పి, తుదకు ప్రైవేటు వైద్యశాలలో చేర్చిరి. అచటి ఖర్చు సుమారు 17,000 రూపాయలు. అది ఎన్నినాళ్ళ కూలియో మీరే లెక్క కట్టుడు.

ఆ వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయెను. మన రాజ్యాంగము ఆరోగ్యమును ప్రాథమిక హక్కుగా విడిగా పేర్కొనలేదు. ప్రజారోగ్యమును మెఱుగుపఱచుట ప్రభుత్వ విధి యని 47వ అధికరణము చెప్పుచున్నను, దానినిబట్టి దావా వేయుటకు వీలులేదు. అయినను 1996లో న్యాయమూర్తులు 21వ అధికరణమును చేపట్టిరి. జీవించు హక్కులోనే సకాలమున వైద్యము పొందు హక్కును గలదనియు, ధనాభావమును సాకుగా చూపి ప్రభుత్వము తప్పించుకొనరాదనియు తీర్పు చెప్పి, అతనికి 25,000 రూపాయల పరిహార మిప్పించిరి.

మఱి ఆ ధన మెవరిది? తన రోగమునకు తానే చెల్లించుకొనుట న్యాయము కాదా యని కొందఱందురు. త్రాగి త్రాగి కాలేయమును పాడుచేసికొన్నవానికై నేనేల పన్ను కట్టవలెనని మఱికొందఱు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కాని గుండెలో రంధ్రముతో పుట్టిన పసికందు చేసిన తప్పేమి? పొరుగింటివాని క్షయకు మందు లేకున్న, అది మన యింటి గోడ చూచి ఆగునా? రోగము వచ్చిన దినమున రొక్కము వెదకువాడు పొలమైన నమ్మును, వడ్డీకైన తెచ్చును. అందఱును ఆరోగ్యముగా నున్నపుడే శక్తికొలది పన్నుగా చెల్లించినచో, ఆ భార మెవ్వని నడుమును విఱువదు. చెల్లింపలేడను కారణమున ఎవనికిని వైద్యము తప్పిపోరాదని భోర్ సంఘము 1946లోనే చెప్పియుండెను.

2007లో ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ఈ త్రోవలోనిదే. పేదవాని గుండె శస్త్రచికిత్స ఖర్చును ప్రభుత్వము భరించుట సామాన్య విషయము కాదు. అయినను నాకొక అసంతృప్తి కలదు. రక్తపుపోటు మాత్రలు నెలనెలా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రముననే దొరకి, చూచుటకు వైద్యుడును ఉండినచో, అట్టి శస్త్రచికిత్సలలో కొన్నిటి అవసరమే రాదు. మన పన్నులోని మొదటి రూపాయి అచటికి చేరవలెను.

పన్ను అనగానే ధనవంతులు మాత్రమే కట్టునదని తలపకుడు. కూలిపని చేయు ముదుసలి కొన్న సబ్బుబిళ్ళ వెలలోను పన్ను కలదు. ఆమె జ్వరముతో వచ్చి, చీటీ వ్రాయు గుమాస్తా యెదుట చేతులు కట్టుకొని నిలుచును. అతని జీతములో తన పైసలును ఉన్నవని ఆమె యెఱుగదు, అతడును ఎఱుగడు.