నీటి పత్రానికి ఏ భాష?

బ్రూస్‌పేటలోని నా కార్యాలయానికి ఒక పెద్దమ్మ వచ్చి, బోరు నీటి పరీక్షా పత్రాన్ని బల్లమీద పెట్టి, "లాయరు బాబూ, ఈ నీళ్లు తాగొచ్చునా?" అని అడిగినది. ఆంగ్లంలో ఉన్న ఆ పత్రంలో పాదరసానికి ఎదురుగా ఉన్నవి మూడక్షరాలు: బి.డి.ఎల్. అనగా యంత్రం కనిపెట్టగల కనీస పరిమాణానికి లోపల అని అర్థం. ఆ కనీసమెంతో పత్రంలో లేదు!

లీటరుకు 0.001 మిల్లీగ్రాము దాటరాదని భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 చెప్పుచున్నది. అంతకంటె మొద్దు పరికరంతో చూచి "కనిపించలేదు" అన్నచో, చత్వారం ఉన్నవాడు చీమ లేదన్నట్లే. పాదరసానికి నీటిలో రంగు లేదు, వాసన లేదు. మినమాటాలో 1956లో వ్యాధి బయటపడునాటికే అది చేపల ద్వారా మనుష్యుల నరాలకు చేరినది.

నేడు రసాయన శాస్త్రజ్ఞులు ప్రతిదీప్తి సూచకాలను తయారు చేయుచున్నారు. రోడమిన్ జాతి అణువులో ముడుచుకొని ఉన్న వలయం పాదరస అయాను తగిలినప్పుడు విచ్చుకొనును. రంగులేని ద్రావణం గులాబి రంగు తిరిగి, తగిన కాంతి పడినప్పుడు వెలుగును. బురదనీటిలోను, రాగి వంటి ఇతర లోహాలు కలిసినచోటను పొరబడవచ్చును గనుక ప్రయోగశాలలో నిర్ధారణ తప్పదు. అయినను ఆ గులాబి రంగు చూచుటకు ఏ లిపియు రానక్కరలేదు. పత్రం చదువుటకే లిపి కావలెను.

"కన్నడం నేర్చుకోరాదా?" అందురు. మా పిల్లలు నేర్చినారు, చక్కగా వ్రాయుచున్నారు. కన్నడంతో మాకు తగాదా లేదు. ఈ పత్రం కన్నడంలోను లేదు కదా! బళ్ళారి రాఘవ పెరిగిన జిల్లాలో తెలుగు పరాయిదెట్లగును?

సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 4(4) స్థానిక భాషను దృష్టిలో ఉంచుకొని సమాచారం అందించవలెనన్నది. అదే చట్టపు 6వ సెక్షన్ మాత్రం దరఖాస్తుకు ఆంగ్లం, హిందీ, ప్రాంతపు అధికార భాషలనే అనుమతించినది. అక్కడ తెలుగుకు తలుపు మూసినారు. రాజ్యాంగం 350వ అధికరణం ఆ తలుపు తెరచినది: రాష్ట్రంలో వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఫిర్యాదు చేసికొను హక్కు ప్రతి వ్యక్తికి ఉన్నది. జవాబు కూడ అదే భాషలో ఇమ్మని అందులో లేదు, దానికై పోరాడవలసినదే.

పెద్దమ్మ అర్జీని తెలుగులోనే వ్రాసితిని. మొదటి పంక్తిలో 350 అంకె వేసి, రెండు కోరితిని: ఆ కనీస పరిమాణమెంతో తెలుపవలెను, ఫలితం తెలుగులో ఈయవలెను. ఆమె సంతకం చేసి, రసీదు అడిగి తీసికొన్నది.