ఆమె కుర్చీలో ఆయన

"సర్పంచ్ గారూ, ముందుకు రండి" అని మండల పరిషత్ సమావేశంలో అధికారి పిలుస్తాడు. తెల్లచొక్కా వేసుకున్న మగమనిషి లేచి వస్తాడు. ఓట్లు వేయించుకుని గెలిచిన మనిషి వెనక వరుసలో, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. రిజిస్టరు తన దగ్గరికి వచ్చినప్పుడు ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఆమె సంతకం చేస్తుంది. తాగునీటి బోరు గురించీ వీధిదీపాల గురించీ మాట్లాడేది ఆయనే. పంచాయతీ డబ్బు కదలాలంటే కావాల్సిన సర్పంచ్ డిజిటల్ కీ ఆయన జేబులో ఉంటుంది. ఆమె పేరు పక్కన రాసిన ఫోన్ నంబరూ ఆయనదే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ దృశ్యం ఎంత మామూలైపోయిందంటే, దీన్ని తప్పని ఎత్తిచూపినవాళ్లనే మనం వింతగా చూస్తున్నాం.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు మహిళలకిచ్చింది. 2011లో మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. చట్టం తన పని చేసింది. చట్టాన్ని పక్కకు నెట్టింది ఎవరు? భర్తలు సరే. భర్త పలుకుబడి చూసి భార్య పేరు ఖాయం చేసే పార్టీ నాయకులున్నారు. అన్నిటికంటే పెద్ద తప్పు మాత్రం అధికారులది. సమావేశంలో ఆయనకు కుర్చీ వేయించేది ఎవరు? ఆమెను అడగాల్సిన మాట ఆయనను అడిగేది ఎవరు? ఎన్నిక కాని మనిషి చెప్పింది విని ఎన్నికైన మనిషి పేరు మీద పనులు నడిపే ఉద్యోగి ప్రజల ఓటును కాజేసినట్టే.

ఈ సంగతి ఢిల్లీ దాకా వెళ్లింది. 2023 జులైలో సుప్రీంకోర్టులో విచారణకొచ్చాక కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీ వేసింది. ఎన్నికైన మహిళల పెత్తనాన్ని బంధువులు చలాయిస్తే కఠిన శిక్షలు ఉండాలని ఆ కమిటీ 2025లో చెప్పింది. మన మండల కార్యాలయాల్లో మాత్రం ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలన్నది ఇంకా భర్తలే తేలుస్తున్నారు.

"ఆడవాళ్లకు లెక్కలేం తెలుసు? అందుకే మేము చూసుకుంటున్నాం" అంటారు. ఆ మాట అనేవాళ్లు ఒక్కరోజు తెల్లవారుజామున లేచి ఊళ్లోని పాలకేంద్రానికి రావాలి. పేడ తీసి, చొప్ప వేసి, ఆవును కడిగి పాలు పితికిన ఆడమనిషి క్యాను మోసుకుని వచ్చి వరుసలో నిలబడుతుంది. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ధర ఎంత పడింది అని చీటీ చూస్తుంది. నిన్నటికంటే వెన్న తగ్గితే ఎందుకు తగ్గిందని అక్కడికక్కడే నిలదీస్తుంది. ఆ నిలదీసే గొంతుకు పంచాయతీ లెక్క ఒక లెక్కా?

తిరుపతి కేంద్రంగా 2014లో శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. సభ్యులందరూ మహిళలే, ఇప్పుడు లక్షకు పైబడ్డారు. పాలు పోసే ఆడవాళ్లే వాటాదారులు, డైరెక్టర్లలోనూ వాళ్లలోంచి వచ్చినవాళ్లున్నారు. పాల డబ్బు సభ్యురాలి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఇంటికొచ్చాక ఆ డబ్బు మీద పెత్తనం ఎవరిదన్నది వేరే పోరాటం, అది ఇంకా ముగియలేదు. కానీ వాటా ఆమెది, ఓటు ఆమెది, పాస్‌పుస్తకం మీద పేరు ఆమెది. భర్త వచ్చి కూర్చోవడానికి అక్కడ కుర్చీ లేదు. ఇదే నేలలో, ఇవే కుటుంబాల్లోంచి వచ్చిన ఆడవాళ్లు ఒకచోట కంపెనీ నడుపుతూ, ఇంకోచోట వేలు చూపిన చోట సంతకం పెడుతున్నారంటే లోపం ఆడవాళ్లలో ఉందని ఎలా నమ్మాలి?

ఆడవాళ్లు పాలన నడపగలరన్నది రాయలసీమకు కొత్త పాఠం కూడా కాదు. కర్నూలు జిల్లా కాల్వ గ్రామ సర్పంచ్ ఫాతిమాబీ తన ఊరి పనికి 1998లోనే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం పురస్కారం అందుకున్నారు.

మన సీమలో పదవికి ఇంకో ప్రమాదమూ ఉంది, మగవాళ్ల పగలు. చిత్తూరు నగర మేయర్ కఠారి అనురాధను 2015 నవంబరు 17న నగరపాలక సంస్థ కార్యాలయంలోనే, భర్త మోహన్‌తో పాటు చంపేశారు. దాదాపు పదేళ్ల తర్వాత, 2025 అక్టోబరులో కోర్టు అయిదుగురికి ఉరిశిక్ష వేసింది. కుటుంబ కక్ష మేయర్ గది దాకా రాగలిగింది. ఆమె కూర్చున్నది నగరం ఇచ్చిన కుర్చీ. దాన్ని కాపాడలేకపోయిన వ్యవస్థ, ఆ తర్వాతైనా తనను తాను ప్రశ్నించుకున్న జాడ లేదు.

తిరుపతిలో ఏటా గంగమ్మ జాతరకు మగవాళ్లు చీరకట్టి మొక్కు తీర్చుకుంటారు. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాడిని వేషాలు మార్చి వెతికి చంపిన తల్లి ఆమె. ఆ తల్లికి మొక్కే చేతులతోనే ఇంటి ఆడమనిషి పదవిని లాక్కుంటే ఆ మొక్కు చెల్లుతుందా?

రెండు జిల్లాల కలెక్టర్లకు ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని ఉంది. మహిళా ప్రతినిధి స్థానంలో భర్తో కొడుకో మాట్లాడిన ప్రతి సమావేశాన్నీ నమోదు చేయించి, అలా జరగనిచ్చిన అధికారి నుంచి సంజాయిషీ తీసుకోవాలి. ఫోన్ నంబర్లు మార్పించాలి. డిజిటల్ కీ ఎవరి దగ్గరుందో ఆమెను పిలిచి, ఆమె ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగాలి.