షాడో అల్మరాలోనే ఉండాలి, వీధిలోకి రాకూడదు



ఇది కాస్త పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, మేం ఎక్కడికీ పారిపోం.

పోయిన వారం మన గ్రూపులో ఒక కుర్రాడి ఫోటో పెట్టారు. మెడలో గొలుసు తెంపుకుపోయిన దొంగ వీడే అన్నారు. దాని కింద ఒకాయన, "కోర్టులంటే పదేళ్ళు పడుతుంది, ఇలాంటివాళ్ళకి షాడోయే రావాలి" అని రాశారు. ఎంతమంది దండాలు పెట్టారో, ఎంతమంది బొటనవేలు చూపించారో లెక్కలేదు. రెండు రోజులకి ఆ కుర్రాడికీ దొంగతనానికీ ఏ సంబంధమూ లేదని తేలింది. అక్క ఇంటికి వచ్చాడు, అన్నం తిని వెళ్ళాడు. అంతే.

అప్పుడు ఇంకో పెద్దమనిషి లేచి, "ఈ షాడో పుస్తకాలే జనాన్ని పాడుచేశాయి, మన రీడింగ్ రూములో ఉన్నవన్నీ పాత పేపర్లవాడికి వేసేద్దాం" అన్నారు. దానికీ దండాలే. మొదటి పోస్టుకి దండం పెట్టిన చేతులే సగం, రెండోదానికీ పెట్టాయి!

అయ్యా, ఈ రెండు మాటలూ తప్పే. రెండూ ఒకటే తప్పు. పుస్తకం ఏదో వీధి ఏదో తెలియకపోవడం.

ముందు పుస్తకాల సంగతి. మా చదువంతా తమిళ మీడియంలో సాగింది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే గానీ బడిలో మాకు అ ఆలు దిద్దించినవాళ్ళు లేరు. రైల్వేలో గుమాస్తాలుగా చేరాక తోటివాళ్ళ చేతులు మారుతూ వచ్చిన మధుబాబు గారి నవలలే మాకు తెలుగు వాచకాలయ్యాయి. గంగారాం తర్వాత ఏమంటాడో తెలుసుకోవాలన్న ఆత్రంతో ఒత్తులూ గుణింతాలూ పట్టుబడ్డాయి. అద్దె పుస్తకాల షాపులో పుస్తకం రోజు దాటితే ఇంకో రోజు డబ్బులివ్వాలి కాబట్టి త్వరగా చదవడం కూడా అలవాటయింది. ఈ రోజు ఈ పోస్టు తెలుగులో రాస్తున్నామంటే అందులో షాడోకి వాటా ఉంది. అన్ని నవలలు చదివాం, నలభై ఏళ్ళ సర్వీసులో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. షాడో చదివితే పాడైపోతారంటే ముందు మమ్మల్ని చూపించండి.

ఇక వీధి సంగతి. షాడో రావాలి అన్నవాళ్ళు షాడోని సరిగ్గా చదవలేదని మా అనుమానం. అంతటి షాడోకీ పైన కులకర్ణి ఉన్నాడు. సి.ఐ.బి. అనే ఆఫీసు ఉంది. ఎక్కడికి వెళ్ళాలో చెప్పేవాడు ఉన్నాడు, వెళ్ళొచ్చాక అడిగేవాడు ఉన్నాడు. మన గ్రూపులో ఫోటో పెట్టినవాళ్ళని అడిగే కులకర్ణి ఎవరు?

అసలు విషయం ఇంకోటుంది. నవలలో దోషి ఎవరో రచయితకి తెలుసు. మనకీ చూపిస్తాడు. వాడు కుట్ర పన్నుతుంటే మనం పక్కనే ఉండి వింటాం. అందుకే షాడో కొడితే మనకి హాయి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మేం బడిరోజుల్లో తమిళంలో చదివిన తమిళవాణన్ గారి శంకర్‌లాల్, ఇద్దరూ ఆధారం వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు. షాడో దగ్గరకొచ్చేసరికి ఆ వెతుకులాట తగ్గి దెబ్బలాట పెరిగింది. కథకి అది తప్పు కాదు, దోషి మనకి ముందే తెలుసు కదా. వీధిలో ఆ సదుపాయం లేదు. ఇక్కడ మనకి కనపడేది ఒక ఫోటో, ఒక పుకారు.

మా ఉద్యోగంలో జరిగిన ఒక ముక్క చెబుతాం. ఒక స్టేషన్లో టిక్కెట్ కౌంటర్ లెక్క ముగిస్తే 300 రూపాయలు తక్కువ వచ్చింది. గది ఊడ్చే మనిషి ఒక్కడే లోపలికి వచ్చాడు. ఇంకేముంది, అందరి కళ్ళూ వాడి మీదే, మావి కూడా. మూడో రోజు రిజిస్టరు మళ్ళీ తిరగేస్తే అయిదు రూపాయల టిక్కెట్ల ముగింపు నంబరులో, పదుల స్థానంలో 1 ఉండాల్సిన చోట 7 రాసి ఉంది. అమ్మని 60 టిక్కెట్లు అమ్మినట్టు లెక్కలోకి ఎక్కాయి. దొంగా లేడు, దొంగతనమూ లేదు. ఆ మూడు రోజులూ ఆ మనిషి అన్నం ఎలా తిన్నాడో మేం అడగలేదు. ఇప్పటికీ అది మనసులో ముల్లే.

ఇది చిన్న సంగతి అంటారా? పెద్దవి చూడండి. 2018 మేలో తిరువణ్ణామలై జిల్లాలో, చెన్నై నుంచి గుడికి వచ్చిన 60 దాటిన ఆడమనిషి పిల్లలకి చాక్లెట్లు ఇచ్చిందని, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళనుకుని జనం కొట్టి చంపారు. అంతకుముందే వాట్సాప్‌లో పుకార్లు తిరుగుతున్నాయి. 2019 డిసెంబరు 6న దిశ కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే జనం వాళ్ళ మీద పూలు చల్లారు. ఆ ఆడబిడ్డకి జరిగింది తలుచుకుంటే మాకూ రక్తం మరుగుతుంది. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం తేల్చింది? పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదంది, చంపాలనే కాల్చారంది, ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లంది. చల్లిన పూలు వెనక్కి ఏరుకోగలమా?

అంత దూరం ఎందుకు? 2012 జనవరి 27 మన యానాం మరిచిపోయిందా? రీజెన్సీ సిరామిక్స్ దగ్గర లాఠీచార్జి జరిగింది, కార్మిక నాయకుడు చనిపోయాడు. ఆ కోపంలో జనం కంపెనీ ప్రెసిడెంటుని కొట్టారు, ఆయనా చనిపోయాడు. ఫ్యాక్టరీ తగలబడింది. రెండు ప్రాణాలు పోయాయి, రెండిటికీ ముందు ఏ విచారణా లేదు. ఆ తర్వాత గేటు మూతపడి ఏళ్ళ తరబడి పొయ్యి వెలగని ఇళ్ళు మన వీధుల్లోనే ఉన్నాయి. అప్పటికప్పుడు తీర్పు అంటే ఏమిటో పుస్తకం చూసి నేర్చుకోవాల్సిన అవసరం మన ఊరికి లేదు.

కోర్టులు ఆలస్యం చేస్తాయి, నిజమే. మన కేసు హైకోర్టుకి వెళ్ళాలంటే చెన్నై పోవాలి, అదీ నిజమే. ఆలస్యం మీద గట్టిగా అడుగుదాం, అర్జీలు పెడదాం, రాసేది మేమే రాస్తాం. కానీ బండి లేటయిందని పట్టాలు పీకెయ్యం కదా.

కాబట్టి మా మనవి మూడు ముక్కలు. ఒకటి, ఆ కుర్రాడి ఫోటో ఇంకా మీ ఫోన్లో ఉంటే ఇప్పుడే తీసెయ్యండి, ఎవరెవరికి పంపారో వాళ్ళకి నిజం పంపండి. రెండు, ఫోటో పెట్టినవాళ్ళూ, దాని కింద దండాలు పెట్టినవాళ్ళూ అతని అక్క ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాలి. మేం ఆ రోజు గ్రూపులో అంతా చూసి కూడా నోరు మెదపలేదు. కాబట్టి మేమూ వస్తాం. వచ్చే ఆదివారం ఉదయం 9 గంటలకి సంఘం గేటు దగ్గర ఉంటాం. మూడు, షాడో పుస్తకాలు అల్మరాలోనే ఉండనివ్వండి. అట్టలు ఊడినవాటికి అట్టలు మేం వేయిస్తాం.

తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. మాటలో తప్పుంటే మాత్రం మొహం మీదే చెప్పండి.