మాట వినని పిల్లలు

తెలుగు ఇళ్లలో ఒక చిత్రం జరిగేది. ‘పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు’ అని పగలంతా కసిరిన తాతయ్యే, సాయంత్రం దీపాలు పెట్టాక పిల్లల్ని కూర్చోబెట్టుకుని ప్రహ్లాదుడి పద్యాలు వల్లె వేయించేవాడు. తండ్రికి ఎదురు చెప్పిన అయిదేళ్ల కుర్రాడి పద్యాలు! నోరు తిరగక తడబడితే మళ్లీ మొదటికి. తాను నేర్పుతున్నది ఏమిటో ఆయనకు తెలియదనుకోలేం. తెలిసే నేర్పి ఉంటాడు.

ఆ పిల్లాడంటే మనవాళ్లకు ఎప్పుడూ ముద్దే. 1932లో వచ్చిన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’. 1967లో అదే కథను రంగుల్లో తీస్తే, ఎస్వీ రంగారావు హుంకరింపులకు బెదరని చిన్నారి రోజారమణిని చూసి ఎందరు తల్లులు కళ్లొత్తుకున్నారో!

పోతన భాగవతం ఏడో స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకును తొడమీద కూర్చోబెట్టుకుని, ఏం చదువుకున్నావని అడుగుతాడు. ఏ తండ్రయినా అడిగేదే. కొడుకు ముందు గురువుల గురించి మంచిమాటే చెబుతాడు. చక్కగా చదివించారనీ, తానూ శ్రద్ధగా చదివాననీ అంటాడు. ఆ చదువు సారం శ్రీహరి అని తేలేసరికి తండ్రి కళ్లు ఎర్రబడతాయి. ఇక ఏనుగులు, పాములు, విషం, మంటలు, సముద్రం. ఇంత జరిగినా ఆ పసివాడు ఎక్కడా గొంతు పెంచడు. తండ్రిని తూలనాడడు. సత్యాగ్రహం గురించి చెప్పేటప్పుడు గాంధీజీ తరచూ ప్రహ్లాదుణ్ణి తలచుకునేది అందుకే కాబోలు.

పరాయివాణ్ణి ఎదిరించడం ఒక ఎత్తు, ఎత్తుకు పెంచినవాళ్లతో కాదనడం ఒక ఎత్తు. చదువు దగ్గరో పెళ్లి దగ్గరో ఒక్కసారైనా ‘లేదు నాన్నా’ అన్నవాళ్లకు, ఆ రెండు ముక్కలూ గొంతు దాటడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు. అన్న తర్వాత ఆ పూట అన్నం ఎలా సహించదో కూడా తెలుసు. నెగ్గామన్న సంతోషం అందులో ఉండదు. నరసింహుడు వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు అడిగింది కూడా తండ్రి పాపం పోవాలనే. ఆ తండ్రికి ఉత్తరక్రియలు చేసిందీ తనే.

అతని మనవడే బలి. బలిది ఇంకో రకం చిక్కు. తాతకు తండ్రి చెప్పింది తప్పు. మనవడికి గురువు చెప్పింది అక్షరాలా నిజం. వచ్చినవాడు ఉత్త పొట్టి వడుగు కాదనీ, సాక్షాత్తూ విష్ణువనీ, మూడడుగులని మూడు లోకాలూ పట్టుకుపోతాడనీ శుక్రాచార్యుడు హెచ్చరించాడు. ప్రాణానికీ ధనానికీ ముప్పు వచ్చినప్పుడు ఆడి తప్పినా దోషం లేదని వెసులుబాటూ చూపించాడు. బుద్ధిమంతుడైన శిష్యుడు అక్కడితో ఆగిపోవాలి. బలి ఆగలేదు. ఇస్తానన్నాను, ఇస్తానన్నాడు. గురువు శాపాన్ని కూడా నెత్తికెత్తుకున్నాడు.

నిజం చెప్పాలంటే, తాత కన్నా ఈ మనవడంటేనే నాకు ఒక పిసరు ఎక్కువ ఇష్టం. ప్రహ్లాదుడికి కాపాడే దేవుడున్నాడు. బలికి, ఉన్నదంతా పట్టుకుపోవడానికి వచ్చినవాడే ఆ దేవుడు.

ఎనిమిదో స్కంధంలో ఆ తర్వాత ఒక చోటుంది. వరుణపాశాలతో కట్టేసిన బలి దగ్గరికి తాత వస్తాడు. లేచి ఎదురు వెళ్లి, అలవాటు ప్రకారం పూజించడానికి మనవడికి చేతులు ఖాళీ లేవు. సిగ్గుతో, నీళ్లు నిండిన కళ్లతో తల మాత్రం వంచుతాడు. గురువు మాట వింటే ఇలా అయ్యేదా అని తాత దెప్పిపొడవడు. స్వామి వైపు తిరిగి, ఇంద్రపదవి ఇచ్చిందీ నువ్వే, తీసుకున్నదీ నువ్వే, రెండూ బాగానే ఉన్నాయంటాడు. ఒకప్పుడు తానూ మాట వినని పిల్లాడే కదా, ఆయనకు తెలుసు.

పిల్లలకు వామన చరిత్ర చెప్పేటప్పుడు మనం సాధారణంగా మూడో అడుగు దగ్గరే ముగించేస్తాం. ఈసారి ఇంకాస్త ముందుకు వెళ్లి, తాత వచ్చే చోటు దాకా చదివి వినిపించండి.