చదువుకున్నోళ్లకు ఫ్యాటీ లివర్ రాదా? హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల లెక్క చూస్తే షాకే!

చదువు పెరిగితే ఆరోగ్యంపై అవగాహన పెరుగుతుంది, జబ్బులు తగ్గుతాయి అంటారు. ఫ్యాటీ లివర్ విషయంలో యూరప్ లెక్కలు ఈ మాటనే చెబుతున్నాయి. అక్కడి వారి జన్యు సమాచారంతో చేసిన అధ్యయనాల్లో, ఎక్కువ ఏళ్లు చదువుకున్నవారికి ఈ ముప్పు తక్కువని తేలింది. మరి మన దగ్గర?

ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 84 శాతం మంది లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉంది. 71 శాతం మందికి ఊబకాయం, 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ కనిపించాయి. 2025లో ఈ ఫలితాలు బయటకు వచ్చాయి.

ఇది సిటీ మొత్తం లెక్క కాదు, ఒక్క రంగానిదే. చదువుకున్నవారిని, చదువుకోనివారిని పోల్చిన అధ్యయనం కూడా కాదు. కానీ ఒక్కటి మాత్రం క్లియర్: డిగ్రీ ఉన్నంత మాత్రాన లివర్‌కు రక్షణ లేదు.

తేడా ఎక్కడొచ్చింది?

చదువు నేరుగా లివర్‌ను ఏమీ చేయదు. చదువు తెచ్చే జీవితమే చేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో చవగ్గా దొరికేది ప్యాకెట్ ఫుడ్డే. తాజా ఆహారం, వ్యాయామానికి టైమ్ ఎక్కువగా ఉండేది చదువుకున్న వర్గానికే. మన దగ్గర పెద్ద చదువంటే కుర్చీ ఉద్యోగం, నైట్ షిఫ్టులు, ఆన్‌లైన్ ఆర్డర్లు. గంటల తరబడి కూర్చుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. వాడుకోని చక్కెరను లివర్ కొవ్వుగా మార్చేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పట్టణ మహిళల్లో 33 శాతం మందికి అధిక బరువు ఉంటే, పల్లెల్లో అది సుమారు 20 శాతం.

అలాగని పల్లెలు సేఫ్ కాదు

ఇప్పుడు పొలంలోనూ యంత్రాలే. ఊరి కిరాణా కొట్టులోనూ కూల్ డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లే. ఒంటి శ్రమ తగ్గుతోంది, పరీక్షలు మాత్రం అంతగా పెరగలేదు. అసలు ప్రమాదం ఇక్కడే. ఈ జబ్బు మొదట్లో లక్షణాలేవీ చూపించదు. కంపెనీ హెల్త్ చెకప్ ఉన్న ఉద్యోగికి స్కాన్‌లో ముందే తెలిసిపోతుంది. ఆటో డ్రైవర్‌కో, కూలీకో పొట్టలో నీరు చేరాకో, కామెర్లు వచ్చాకో తెలుస్తుంది. అప్పటికి లివర్ గట్టిపడి సిర్రోసిస్‌కు చేరి ఉండొచ్చు. అంటే జబ్బు రావడంలో చదువు కాపాడకపోయినా, సమయానికి బయటపడటంలో మాత్రం తేడా చూపిస్తోంది.

మరి ఏం చేయాలి?

ఫ్యాటీ లివర్‌ను కేంద్రం 2021లోనే జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో చేర్చింది. ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలత కూడా ఉంటుంది. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాల్సిందే. డాక్టర్ సలహాతో అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల లెక్కతో వచ్చే ఫిబ్-4 స్కోరు, లివర్ గట్టిపడే ముప్పును అంచనా వేస్తుంది.

మంచి విషయం ఏంటంటే, తొలి దశలో ఇది వెనక్కి మళ్లుతుంది. అధిక బరువున్నవారు 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ కొవ్వుతో పాటు వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోలున్న వ్యక్తికి అది 6 నుంచి 8 కిలోలు. ఆఫీసుల్లో జరిగే చెకప్ ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనూ అందరికీ అందితేనే ఈ తేడా పోతుంది.