ఆదర్శాలే కొలమానం

1776 జులై 4న ఫిలడెల్ఫియాలో ఆమోదం పొందిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, మనుషులంతా పుట్టుకతోనే సమానులనీ, జీవించే హక్కు, స్వేచ్ఛ పాలకులు దయతలచి ఇచ్చేవి కావనీ, ప్రజల సమ్మతి లేని ప్రభుత్వానికి న్యాయమైన అధికారం ఉండదనీ చాటింది. 1787లో రూపొందిన రాజ్యాంగం శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు ఒకదాన్నొకటి అదుపులో ఉంచే అధికార విభజనను నెలకొల్పగా, హక్కుల పత్రంగా పేరొందిన తొలి పది సవరణలు 1791లో వాక్, మత, పత్రికా స్వేచ్ఛలకు రక్షణ కల్పించాయి.

అయితే ఆ ప్రకటన ముసాయిదాను రాసిన థామస్ జెఫర్సన్ స్వయంగా బానిసల యజమాని. ప్రతినిధుల సభలో స్థానాల కేటాయింపునకు అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టే నిబంధన సాక్షాత్తూ రాజ్యాంగంలోనే చోటుచేసుకుంది. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జులై 5న రోచెస్టర్‌లో ప్రసంగిస్తూ, ఈ స్వాతంత్ర్య వేడుకతో బానిసకు ఏం సంబంధమని నిలదీశారు. అయినా ఆ ఆదర్శాలను తోసిపుచ్చక, వాటినే కొలమానంగా చేసుకొని దేశాన్ని ప్రశ్నించారు. 1865లో బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ సవరణ, 1868లో చట్టం ముందు సమాన రక్షణకు హామీ ఇచ్చిన 14వ సవరణ, 1920లో మహిళల ఓటుహక్కును గుర్తించిన 19వ సవరణ, నల్లజాతీయుల ఓటుకు అండగా నిలిచిన 1965 నాటి చట్టం ఆ ప్రశ్నకు దేశం విడతలవారీగా ఇచ్చిన సమాధానాలు.

ప్రాథమిక హక్కుల రూపకల్పనలో ఈ అనుభవం నుంచి స్ఫూర్తి పొందిన భారత్‌కూ ఇందులో పాఠముంది: హక్కును నిలదీసి అడిగే పౌరులు, నిర్భయంగా నిలబెట్టే న్యాయస్థానాలు, ఓటమిని హుందాగా అంగీకరించే పాలకులు ఉన్నప్పుడే ప్రజాస్వామ్యం నిలుస్తుంది.