నింబూ తేల్, గోరా రంగు, బెజవాడ ఎండ



పోయిన వేసవిలో మా ఖాలా కూతురికి ఒక రిష్తా వచ్చింది. లడ్కేవాలే చూడ్డానికి వారం ఉందనగా ఎవరో చిన్న సీసా తెచ్చిచ్చారు. "అస్లీ నింబూ తేల్, పూస్తే రంగు తేలుతుంది" అన్నారట. పిల్ల పొద్దున్నే ముఖానికి పూసుకుని, సౌదా కోసం పంజా సెంటర్‌లో ఎండలో తిరిగింది. మర్నాటికి బుగ్గలు మండాయి. తర్వాత నల్లమచ్చలు తేలాయి. వాళ్ళు వచ్చారు, చూశారు, మళ్ళీ కబురు లేదు. ఖాలా ఇప్పటికీ "నజర్ తగిలింది" అంటుంది. నజర్ కాదు ఖాలాజాన్, నింబూ!

హకీకత్ ఇది. నిమ్మతొక్క మీద కనిపించే సన్నటి చుక్కలన్నీ నూనె తిత్తులు. గోరుతో గిచ్చితే వచ్చే ఖుష్బూ వాటిదే. తొక్కను పిండి తీసిన నూనెలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కాలినట్టవుతుంది. మచ్చ పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎండ తగిలే చర్మానికి రాసి వదిలేసే వాటిలో, ఇలా పిండి తీసిన కాగ్జీ నింబూ నూనె 0.7 శాతం దాటకూడదని ఇఫ్రా అనే అంతర్జాతీయ సుగంధ సంస్థ హద్దు పెట్టింది. అంటే నూరు చుక్కల్లో ఒక్క చుక్క కూడా కాదు. మా పిల్ల సీసాలోది సీసాలోదే పూసింది.

ఆవిరితో తీసిన నూనెలో ఈ పదార్థాలు దాదాపు ఉండవు. కానీ ఆ సీసా మీద అది ఏ రకమో రాసి ఉంటే కదా!

"ఖుద్రతీ చీజ్, నుక్సాన్ ఏముంటుంది?" అంటారు కొందరు. జిల్లేడు పాలూ ఖుద్రతీయే, కంట్లో వేసుకుంటామా?

నింబూ మీద నాకు షికాయత్ లేదు. తెనాలి మార్కెట్ నిమ్మకాయ లేనిదే మన ఇఫ్తార్ షర్బత్ ఎక్కడిది? ఆ నూనెకూ ఫాయిదాలున్నాయి. అందులోని లిమోనీన్ స్టవ్ మీది జిడ్డునీ, డబ్బాల మీది స్టిక్కర్ జిగురునీ ఇట్టే వదిలిస్తుంది. గది ఖుష్బూగా ఉంటుంది. మంటకు దూరంగా ఉంచండి, త్వరగా అంటుకుంటుంది. గాలి తగిలి పాతబడిన నూనె చర్మానికి తాకితే దురద, దద్దుర్లు రావచ్చు, అందుకే మూత బిగించి చల్లటి చోట పెట్టండి. పిల్లలకు అందనివ్వకండి. దవా అనుకుని తాగకండి. నిమ్మరసం పిండిన చేతులతోనూ ఎండలోకి వెళ్ళకండి, ముందు సబ్బుతో కడుక్కోండి.

ఖురాన్ చదివే మోమిన్‌ను హదీసులో ఉత్రుజ్జాతో, అంటే మన మాదీఫలంతో పోల్చారు. అది నిమ్మకు పెద్దన్న. వాసన మంచిది, రుచి మంచిది అన్నారు. రంగు మాట అక్కడ లేదు.

అందుకే రిష్తా చూడ్డానికి వెళ్ళే అమ్మీలకు, ఖాలాలకు నాదొక గుజారిష్. పిల్ల ఇల్మ్ అడగండి, అఖ్లాక్ అడగండి. రంగు అడగడం మనం మానేస్తే ఆ సీసాలు కొనేవాళ్ళే ఉండరు. మా పిల్ల ముఖం మీద మచ్చలు తగ్గుతున్నాయి, అల్‌హందులిల్లాహ్. ఆమె మనసు మీద పడిన మచ్చకే నా దగ్గర ఏ తేలూ లేదు.

ఖుదా హాఫిజ్.